చితి ఎక్కబోయి ఫిరంగుల వెంట నడిచిన అహల్యాబాయి

సోలాపూర్‌లో ఉండే మనవాళ్ళకు అహల్యాబాయి హోల్కర్ పేరు కొత్తది కాదు. 2019 నుంచి అక్కడి యూనివర్సిటీకి ఆమె పేరే ఉన్నది. మన పిల్లలు ఆ పేరున్న సర్టిఫికెట్లు తెచ్చుకుంటున్నారు. అహ్మద్‌నగర్‌ను కూడా 2024లో అహిల్యానగర్ చేశారు, అక్కడా మన పద్మశాలీ కుటుంబాలు తరాల నుంచి ఉన్నాయి. అయితే ఆమె ఎవరు అని అడిగితే చాలామంది గుళ్ళు కట్టించిన రాణి అంటారు. తెల్లచీర కట్టుకుని చేతిలో శివలింగం పట్టుకున్న బొమ్మ చూపిస్తారు. అదీ నిజమే. ఇప్పుడు కాశీకి పోయిన మనవాళ్ళు దండం పెట్టుకునే విశ్వనాథుని గుడి ఆమె కట్టించిందే. గయలో విష్ణుపాదం గుడీ అంతే. సోమనాథ్‌లో ఒక గుడి ఉంది. ఘాట్లు, బావులు, సత్రాలు లెక్కపెట్టాలంటే ఈ సంచిక చాలదు.

మేము ఇక్కడ రాసేది వేరే సంగతి. మొగుడు, మామ, కొడుకు ఒకరి వెనక ఒకరు పోయినంక, నలభై దాటిన వయసులో ఆమె సైన్యాన్ని ఎట్లా చేతిలోకి తీసుకున్నది అనే సంగతి.

1725 మే 31న చౌండీ అనే పల్లెలో పుట్టింది. ఇది జామ్‌ఖేడ్ దగ్గర. తండ్రి మాణకోజీ షిండే ఊరి పాటిల్. వాళ్ళది ధనగర్ కులం, అంటే మన దిక్కు కురుమల లాగా గొర్రెలు కాచుకునే వాళ్ళు. ఆడపిల్లకు అక్షరాలు ఎందుకు అనుకునే రోజుల్లో తండ్రి ఇంట్లోనే చదవడం రాయడం నేర్పాడు. మల్హర్‌రావు హోల్కర్ కూడా అదే కులం మనిషి. హోళ్ అనే ఊరి వాడు గనుక హోల్కర్ అయినాడు. మామూలు గుర్రపు రౌతుగా పేష్వా సైన్యంలో చేరి, మాల్వా దేశానికి సుబేదారు దాకా ఎదిగాడు. ఆయన ఒకసారి చౌండీలో దండు దిగినప్పుడు గుడి దగ్గర ఈ పిల్లను చూసి కోడలిగా చేసుకోవాలనుకున్నాడని చెబుతారు. 1733లో ఆయన కొడుకు ఖండేరావుతో పెళ్ళి జరిగింది. పిల్లకు అప్పుడు ఎనిమిదేళ్ళు.

ఇందోర్ ఇంట్లో అత్త గౌతమాబాయి దగ్గర ఇంటిపని, మామ దగ్గర లెక్కలు నేర్చుకున్నది. 1745లో కొడుకు మాలేరావు, 1748లో కూతురు ముక్తాబాయి. అప్పటిదాకా ఆమె బతుకు పెద్దింటి కోడళ్ళందరి బతుకు లాంటిదే.

1754లో మరాఠా సైన్యం భరత్‌పూర్ రాజు సూరజ్‌మల్ మీదికి పోయి కుమ్హేర్ కోటను చుట్టుముట్టింది. ఖండేరావు అక్కడ కోట మీద నుంచి వచ్చిన ఫిరంగి గుండు తగిలి చనిపోయాడు. ఆమెకు ఇంకా ముప్పై నిండలేదు. ఆ కాలం ఆచారం ప్రకారం సహగమనానికి సిద్ధమైంది. ఖండేరావు తక్కిన భార్యలు చితి ఎక్కారని అంటారు. ఈమె కూడా ఎక్కేదే. మల్హర్‌రావు అడ్డం వచ్చాడు. ఎన్నో యుద్ధాలు చూసిన ముసలి సుబేదారు కోడలి ముందు ఏడ్చి బతిమాలాడు. కొడుకు పోయాడు, నువ్వూ పోతే ఈ ముసలివానికి ఎవరు దిక్కు అన్నాడు, ఇక నుంచి నువ్వే నా కొడుకు అనుకుంటాను అన్నాడు. ఆమె ఆగిపోయింది.

ఇక్కడ మేము ఒక మాట చెప్పుకోవాలి. ఏడవొద్దు, ఊరుకో అని మల్హర్‌రావు కోడలిని ఓదార్చి ఒక మూలన కూర్చోబెట్టలేదు. పని అప్పగించాడు. మన సంఘాల్లో ఏం జరుగుతుందో అందరికీ తెలుసు. షేరు మగమనిషి పేరు మీదే ఉంటుంది. ఆయన పోతే, ముప్పై ఏళ్ళు కండెలు చుట్టి, పడుగు తోడి, అచ్చులో పోగులు పెట్టిన ఆడమనిషిని పని తెలియనిదాన్ని చూసినట్టు చూస్తాము. మెంబరు కాగితం మార్చడానికి ఏడాది తిప్పుతాము. నూలు మాత్రం పక్కింటి మగ్గానికి పోతుంది. మల్హర్‌రావు చదువుకున్నవాడేమీ కాదు. అయినా ఈ తెలివి ఆయనకు ఉండింది.

ఆయన నేర్పిన పని చిన్నది కాదు. గుర్రం, కత్తి, బాణం ఒక ఎత్తు. అంతకంటే పెద్దది సైన్యం కడుపు నింపడం. దండు కదిలితే ముందు దాణా కావాలి, గడ్డి కావాలి, మందుగుండు కావాలి, జీతాల డబ్బు కావాలి. మామ ఉత్తరాదిలో యుద్ధాల మీద తిరుగుతుంటే ఇవన్నీ వెనక నుంచి పంపే పని కోడలిది. 1761 పానిపట్టులో మరాఠాలు ఘోరంగా దెబ్బ తిన్నారు. మల్హర్‌రావు ప్రాణంతో బయటపడ్డాడు గాని మళ్ళీ సైన్యం కూర్చుకోవలసి వచ్చింది. గౌతమాబాయి కూడా ఆ సంవత్సరమే పోయింది. అప్పటి నుంచి ఇల్లూ దండూ రెండూ అహల్యాబాయి మీదే పడ్డాయి.

1765లో మల్హర్‌రావు ఆమెకు రాసిన ఉత్తరం ఒకటి చరిత్రలో నిలిచింది. చంబల్ నది దాటిన తర్వాత గ్వాలియర్ పోవాలి, పెద్ద ఫిరంగులను అక్కడ ఉంచి వాటి మందుగుండు ఏర్పాటు చూడాలి, కనీసం నెల రోజుల ఖర్చుకు డబ్బు సర్దాలి, దారి కాపలాకు చౌకీలు పెట్టాలి అని అందులో ఉంది. ఒక మామ కోడలికి రాసిన ఉత్తరం ఇది. అప్పటికి ఆమెకు నలభై ఏళ్ళు. పదకొండేళ్ళ కింద చితి దగ్గర నిలబడ్డ మనిషి చంబల్ లోయలో ఫిరంగుల బండ్ల వెంట నడుస్తున్నది.

మరుసటి సంవత్సరం, 1766 మే 20న, మల్హర్‌రావు ఆలంపూర్‌లో కన్నుమూశాడు. అక్కడ ఆయనకు ఛత్రీ కట్టించింది కోడలే.

మనవడు మాలేరావు గద్దె ఎక్కాడు. ఇరవై దాటిన పిల్లవాడు, మనసు నిలకడ లేనివాడు. ఏడాది తిరగకముందే పోయాడు. అతని చావు సంగతి మన నేతవాళ్ళు తెలుసుకోవలసింది. ఆమె పోయిన పాతికేళ్ళ లోపలే మాల్వా మీద అధికారిగా వచ్చిన జాన్ మాల్కం అనే తెల్లదొర అక్కడి పెద్దమనుషులను అడిగి ఇది రాసిపెట్టాడు. బట్టల మీద దారంతో పూలు కుట్టే ఒక పనివాడు ఉండేవాడు. అంతఃపురంలో పని చేసే ఆడమనిషితో వానికి సంబంధం ఉన్నదని మాలేరావు అనుమానపడి వాణ్ణి చంపించాడు. తర్వాత వాడు ఏ తప్పూ చేయలేదని తేలింది. ఆ పశ్చాత్తాపంతో మాలేరావుకు పిచ్చి పట్టింది. చచ్చినవాడు దయ్యమై పట్టాడని జనం నమ్మారు, తల్లీ నమ్మింది. కొడుకు మంచం పక్కన రాత్రీ పగలూ కూర్చుని ఆ దయ్యంతో మాట్లాడింది. నీకు గుడి కట్టిస్తాను, నీ పిల్లలకు భూమి ఇస్తాను, నా కొడుకును వదిలిపెట్టు అని వేడుకున్నది. ఏ తప్పూ లేని నన్ను చంపాడు, ప్రాణానికి ప్రాణం కావాలి అని జవాబు వచ్చిందట. 1767 ఏప్రిల్‌లో మాలేరావు చనిపోయాడు.

దయ్యాల సంగతి ఎట్లున్నా, పేరు కూడా మిగలని ఒక చేతిపనివాడి చావు ఆ రాజకుటుంబాన్ని ఇట్లా కుదిపిందని చదివినప్పుడు మాకు చాలాసేపు వేరే పని తోచలేదు. ఆ పనివాడి భార్యకు ఏమిచ్చారో, పిల్లలు ఏమయ్యారో ఏ పుస్తకమూ చెప్పదు. చెప్పి ఉంటే బాగుండేది.

ఇక ఇంట్లో మగదిక్కు లేదు. నలభై రెండేళ్ళ విధవ, ఒక కూతురు. దివాను గంగాధర్ యశ్వంత్ చంద్రచూడ్ ఒక ఉపాయం చెప్పాడు. ఎవరో ఒక పసివాణ్ణి దత్తు తీసుకోండి, మీరు భరణం తీసుకుని పూజలు చేసుకుంటూ కూర్చోండి, రాజ్యం నేను చూస్తాను అన్నాడు. ఆమె ఒప్పుకోలేదు. ఒకరికి భార్యను, ఇంకొకరికి తల్లిని, ఈ ఇంటికి వారసుణ్ణి ఎంచుకునే హక్కు నాది కాక ఎవరిది అన్నది ఆమె వాదన. దివాను పోయి పేష్వా పినతండ్రి రఘునాథరావును రెచ్చగొట్టాడు. ఈయననే రాఘోబా అంటారు. ఆడదాని రాజ్యం, పెద్ద ఖజానా, తేలిగ్గా చిక్కుతుంది అని ఆయన సైన్యంతో బయలుదేరాడు.

అహల్యాబాయి చేసిన ఏర్పాట్లు చూస్తే మామ దగ్గర నేర్చినదంతా బయటికి వచ్చిందనిపిస్తుంది. మొదట మాల్వాలోని మరాఠా సర్దార్లను పిలిచి మాట్లాడింది. షిండే, గైక్వాడ్, భోంస్లేలకు ఉత్తరాలు పోయాయి. ఈ రోజు నాకు వచ్చింది రేపు మీకు వస్తుంది అని అర్థమయ్యేటట్టు చెప్పింది. పూనాలో పేష్వా మాధవరావు దగ్గరికి కబురు పంపింది. ఆయన చిన్న వయసు వాడైనా న్యాయం తెలిసినవాడు, ఆమె పక్షమే పలికాడు. మరో పక్క సైన్యానికి జీతాలు ఇచ్చి సిద్ధం చేసింది. తాను ఎక్కే ఏనుగు మీద అంబారీ నాలుగు మూలలకు నాలుగు విల్లులు, అమ్ములపొదులు కట్టించింది. ఆడవాళ్ళకు ఆయుధాలు నేర్పి ఒక దళం తయారు చేసిందని కూడా అక్కడ చెప్పుకుంటారు. ఇక తుకోజీ హోల్కర్‌ను సేనతో క్షిప్రా నది ఒడ్డుకు పంపింది.

తర్వాత రాఘోబాకు ఒక కబురు. ఆడదానితో యుద్ధం చేసి గెలిస్తే మీకు వచ్చే పేరు ఏమీ లేదు, ఓడితే మాత్రం తల ఎత్తుకోలేరు, ఆలోచించుకోండి అని. రాఘోబా క్షిప్రా దాటలేదు. నేను యుద్ధానికి రాలేదు, కొడుకు పోయిన తల్లిని పరామర్శించడానికి వచ్చాను అని జవాబు చెప్పుకున్నాడు. పరామర్శకు అంత దండు ఎందుకు అని ఆమె అడిగిందట. చివరికి కొద్దిమందితో ఇందోర్ వచ్చి ఆమె ఇంట్లో అతిథి మర్యాదలు అందుకుని వెళ్ళిపోయాడు. ఒక్క బాణం వదలవలసిన పని రాలేదు. విల్లులు కట్టించి ఉండకపోతే వదలవలసి వచ్చేదేమో. ఆ చంద్రచూడ్‌ను కూడా ఆమె తర్వాత క్షమించి వదిలేసింది. ఇది మాకు కొంచెం మింగుడు పడని సంగతి, అయినా రాస్తున్నాము.

1767 డిసెంబరులో పేష్వా అనుమతితో రాజ్యం ఆమె చేతికి వచ్చింది. సైన్యాధిపత్యం తుకోజీకి ఇచ్చింది. తుకోజీ దగ్గరి చుట్టం కాదు, హోల్కర్ పేరున్న నమ్మకస్తుడు. వయసులో ఆమెకంటే పెద్దవాడైనా ఆమెను అమ్మా అనే పిలిచేవాడు. యుద్ధాలకు ఆయన పోయేవాడు. డబ్బు, దాణా, జీతాలు, ఉత్తరాలు ఆమె చూసేది. వీళ్ళ మధ్య మాటపట్టింపులు రాలేదని కాదు, ముఖ్యంగా ఖర్చుల దగ్గర వచ్చాయి. సంఘం అకౌంటు పట్టినవాళ్ళకు ఇది విడమర్చి చెప్పనక్కరలేదు. రాంపురా వైపు చంద్రావత్ రాజపుత్రులు తిరగబడినప్పుడు మెత్తగా ఊరుకోలేదు, సైన్యం పంపి గట్టిగానే అణిచింది. శాంతమూర్తిగా వేసే బొమ్మల్లో ఈ కోపం కనిపించదు.

దారుల సంగతి ఇంకొకటి. వింధ్య కొండల్లో భీలులు బాటసారులను దోచేవాళ్ళు. వాళ్ళను కొంత దండించి, తర్వాత కొండ దారిన పోయే సరుకు మీద చిన్న సుంకం వసూలు చేసుకునే హక్కు వాళ్ళకే ఇచ్చింది. దాన్ని భీల్‌కౌడీ అనేవాళ్ళు. బదులుగా ఆ హద్దులో దొంగతనం జరిగితే జవాబు వాళ్ళే చెప్పాలి. బట్టల మూటలు మోసుకుపోయే వ్యాపారికి ఇంతకంటే కావలసింది ఏముంది?

ఆమె ఇందోర్ వదిలి నర్మద ఒడ్డున మహేశ్వర్‌ను రాజధాని చేసుకున్నది. సూరత్ మొదలైన చోట్ల నుంచి నేతగాళ్ళను పిలిపించి ఇళ్ళు ఇచ్చి మగ్గాలు పెట్టించింది. రాజ్యానికి వచ్చే అతిథులకు, సర్దార్ల ఇండ్ల ఆడవాళ్ళకు పెట్టడానికి తొమ్మిది గజాల చీరలు, పాగా బట్టలు నేయించింది. పూలు కుట్టే పనివాడి చావుకూ దీనికీ ముడి పెట్టి కథ అల్లడం సులువు. మేము ఆ పని చేయము. ఊళ్ళో చేతిపని లేకపోతే రాజ్యానికి ఆదాయం లేదని తెలిసిన మనిషి చేసిన పని అని మాత్రం అంటాము.

ఎగ్జిబిషన్లలో మన స్టాలు పక్కన మహేశ్వరి చీరలు చూసే ఉంటారు. ముందు నూలుతోనే నేసేవాళ్ళు, తర్వాతి కాలంలో పడుగు పట్టు, పేక నూలు అయింది. అందుకే అంత తేలిక. అంచు రెండు వైపులా ఒకే తీరు, తిరగేసి కట్టినా తెలియదు. అంచు డిజైన్లు కోట గోడల రాతి చెక్కడాల నుంచి తీసుకున్నవి: చాప అల్లిక, ఇటుక వరస, వజ్రం, మల్లెపువ్వు, నర్మద అలలు. హిందువులు, ముస్లింలు ఇద్దరూ నేస్తారు. ఒళ్ళు సాదాగా ఉంచి అంచులో పని చూపడం ఆ చీర పద్ధతి. జరీ కుమ్మరించి రేటు పెంచే మన అలవాటు వాళ్ళకు తక్కువ.

ఇప్పుడు రాయడానికి కష్టమైన భాగం. కూతురు ముక్తాబాయిని యశ్వంతరావు ఫణసే అనే అతనికి ఇచ్చి చేసింది. దొంగల బెడద తీర్చిన వీరుడికి కులం చూడకుండా పిల్లను ఇచ్చిందని చెబుతారు. వాళ్ళకు ఒక్కడే కొడుకు. ఆ మనవడు వయసులోనే 1790లో పోయాడు. మరుసటి ఏడు అల్లుడు పోయాడు. ముక్తాబాయి చితి ఎక్కుతానన్నది.

అహల్యాబాయికి అప్పుడు అరవై ఆరేళ్ళు. రాఘోబా సైన్యాన్ని ఒక్క కబురుతో ఆపిన మనిషి కూతురు కాళ్ళ మీద పడింది. నన్ను ఒంటరిదాన్ని చేయొద్దని ఏడ్చింది. కూతురు మెత్తగానే చెప్పింది, అమ్మా నువ్వు పెద్దదానివి, ఇంకా కొన్నేళ్ళు ఉంటావు, కొడుకూ మొగుడూ పోయినంక నువ్వూ పోతే నాకు మిగిలే బతుకు ఏమిటి అని. ముప్పై ఏడేళ్ళ కింద మల్హర్‌రావు మాట పని చేసింది. ఆ రోజు ఆమె మాట పని చేయలేదు. రాజ్యం ఆమెది, సైన్యం ఆమెది, హుకుం ఇస్తే ఆపగలిగేది అని అనిపిస్తుంది మనకు. ఆమె ఇవ్వలేదు. ఊరేగింపు వెంట నడిచి చితి దగ్గర నిలబడింది. మంట లేచినప్పుడు ఇద్దరు బ్రాహ్మలు రెండు చేతులు పట్టుకుంటే గాని నిలవలేకపోయింది, వదిలించుకోలేక తన చేతులే కొరుక్కున్నది అని మాల్కం రాశాడు. తర్వాత నర్మదలో స్నానం చేసి ఇంటికి పోయి మూడు రోజులు తిండి ముట్టలేదు, ఎవరితో మాట్లాడలేదు. తేరుకున్నాక కూతురికీ అల్లుడికీ ఒక ఛత్రీ కట్టించింది.

సహగమనాన్ని గొప్పగా చెప్పే సంచికలు మేము చదివాము. మేము మాత్రం అట్లా రాయలేము. ముక్తాబాయికి ఎవరైనా ఒక పని అప్పగించి ఉంటే, చంబల్ దాకా ఫిరంగులు తీసుకుపొమ్మని ఎవరైనా ఉత్తరం రాసి ఉంటే ఏమయ్యేదో అనే ఆలోచన మమ్మల్ని వదలదు.

ఆ తర్వాత నాలుగేళ్ళు బతికింది. 1795 ఆగస్టు 13న పోయింది, డెబ్బై ఏళ్ళకు. తుకోజీ రెండేళ్ళకు పోయాడు. ఆయన కొడుకుల తగాదాల్లో ఖజానా కరిగింది, 1818లో హోల్కర్లు ఇంగ్లీషువాళ్ళకు లొంగారు, రాజధాని మళ్ళీ ఇందోర్ పోయింది. కొనే దర్బారు లేక మహేశ్వర్ మగ్గాలు తగ్గుతూ వచ్చాయి. మిల్లు బట్ట వచ్చినంక ఇంకా తగ్గాయి. 1970ల చివర్లో ఆ వంశం వాళ్ళే రెహ్వా అనే సొసైటీ పెట్టి మళ్ళీ పని నడిపించారు. రెహ్వా అంటే నర్మదకు పాత పేరు. మొదట పనిలోకి తీసుకుని నేత నేర్పింది ఆడవాళ్ళకే. కోటలోనే షెడ్డు, కింద నది. మొదటి బ్యాచ్‌లో ఉన్నది కొద్దిమందే.